మమ్మల్ని పేదవాళ్లను చేసిన కాగితం

కిందటి నెల మా కాలనీ గుడికి ఆంజనేయస్వామి విగ్రహం చేయించాలని కమిటీవాళ్లు ఆళ్లగడ్డకు బయలుదేరుతూ, "మీకు ఆ పక్కంతా తెలుసు కదా మేడమ్, మీరూ రండి" అంటే కాదనలేక వెళ్లాను. నంద్యాల నుంచి కారులో ఇప్పుడదేమంత దూరం కాదు, మాటల్లోనే ఊరొచ్చేసింది. రోడ్డు పక్కన రాళ్లు, సగం చెక్కిన నందులు, ముఖం ఇంకా తేలని అమ్మవార్లు వరసగా నిలబడి ఉన్నారు. మా కమిటీ అధ్యక్షుడు తనకు నచ్చిన షెడ్డు ముందు కారు ఆపించాడు. దిగాక గానీ నాకు తెలియలేదు, అది శిల్పి వీరాచారిగారి షెడ్డని. లోపల రాయి కోసే మిషన్లు చెవులు పగిలేలా మోగుతున్నాయి. ముక్కుకు కట్టుకున్న గుడ్డ మెడ మీదికి లాక్కుంటూ ఒక ఆడమనిషి బయటికి వచ్చి నన్ను చూసి నిలబడిపోయింది. "ఏమ్మే అరుణా, జుట్టంతా తెల్లబడిపాయ" అంది. విశాల. నాతో డిగ్రీ చదివిన విశాలాక్షి, వీరాచారిగారి కూతురు.

మా అధ్యక్షుడు ఆంజనేయస్వామి దగ్గర వంకాయల బేరం ఆడినట్టు ఆడాడు. చివరికి ధర కుదిరాక గొంతు తగ్గించి, "బిల్లు మాత్రం కొంచెం పెంచి రాయండమ్మా, చందాలిచ్చినోళ్లకు చూపించుకోవాల" అన్నాడు. "ఎంతకు చేస్తే అంతే రాస్తానన్నా. పెంచేది లేదు, తగ్గించేది లేదు. ఇష్టమైతే చెప్పండి, లేకుంటే పక్క షెడ్డుకు పోండి" అంది విశాల. తిరిగి వచ్చేటప్పుడు కారులో అందరూ ఆమె పొగరు గురించే మాట్లాడారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వాళ్ల మీద అసహ్యం వేసింది. ఆ అసహ్యం వాళ్ల దగ్గర ఆగలేదు, నంద్యాల చేరేలోపు నా మీదికే వచ్చింది. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఈ నాలుగు ముక్కలూ ఆ రోజు నోట్లో మిగిలిన చేదుతోనే రాస్తున్నాను, కాబట్టి ఇందులో తియ్యదనం వెతకొద్దు.

మేమిద్దరం నంద్యాలలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి బి.ఏ. చదివాం. శనివారం మధ్యాహ్నం క్లాసులు అయిపోగానే ఆళ్లగడ్డ బస్సెక్కేవాళ్లం. మా ఊరు ఆళ్లగడ్డ మండలంలోనే, రుద్రవరం పోయే దారిలో ఉండేది. మా ఊరి బస్సుకు ఇంకా టైముందని నేను విశాలవాళ్లింట్లో దిగబడేదాన్ని. అప్పట్లో మిషన్లు లేవు. సుత్తీ ఉలీ చప్పుడు, మధ్యమధ్య వీరాచారిగారి దగ్గు, అంతే. ఇంటినిండా తడిపిన రాతి వాసన ఉండేది, కొత్తగా నీళ్లు చల్లిన బండల వాసన లాంటిది. విశాలవాళ్లమ్మ అన్నం గిన్నెల మీద తడిగుడ్డ కప్పేది. అయినా ముద్దలో రాతిపొడి పళ్ల కింద కరకరమనేది. "రాయి తినకుంటే మాకు అరగదులేమ్మా" అని నవ్వేది ఆమె. వీరాచారిగారు భోజనానికి వచ్చేముందు కనురెప్పల మీది పొడి దులుపుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, అప్పటికి చెక్కుతున్న విగ్రహానికి ఒకసారి నమస్కారం పెట్టి వచ్చి పీట మీద కూర్చునేవారు. విశాల తినేటప్పుడు కూడా వాగుతూనే ఉండేది. ఫలానా గుడిలో అమ్మవారి చేయి ఎందుకలా వంగింది, ఈ రకం కిరీటం ఏ రాజుల కాలంలో మొదలైంది, ఇవే మాటలు. మా చరిత్ర లెక్చరర్ చెప్పింది తప్పని ఒకసారి క్లాసులోనే లేచి చెప్పింది. ఆమె చెప్పిందే సరైనదని తర్వాత ఆయన ఒప్పుకున్నాడు.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉండేది. విగ్రహం లారీకెక్కించేటప్పుడు వీరాచారిగారు కర్పూరం వెలిగించి, తీసుకుపోయే ఊరివాళ్ల ఎదుట, దానికి కట్టిన వెల ఒక్కసారి పైకి చెప్పేవారు. ఆ తర్వాత ఆ ఇంట్లోవాళ్ల నోటి నుంచి ఆ విగ్రహం గురించి అంతకు తక్కువ మాట రాకూడదు. రాయి కొన్నది, లారీకి ఇచ్చింది, పనివాళ్ల కూలి, ఇవన్నీ పోగా ఆయనకు మిగిలేది గుప్పెడే. ఆ గుప్పెడు ఎంతో ఇంట్లో ఆడవాళ్లకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

మా ఇంటి సంగతి వేరు. కాలవ కింద మాగాణి, మెట్ట మీద పత్తి, కొట్టంలో రెండు జతల ఎద్దులు, వాకిట్లో ట్రాక్టరు. నాయన పొద్దున్నే పెద్ద ఇత్తడి గ్లాసు నిండా కాఫీ తాగి, వరండాలో నవారు మంచం మీద కూర్చుంటే పనులున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఆయన ఎవరినీ తిట్టేవాడు కాదు, ఎవరికీ లేదనేవాడు కాదు. ఊళ్లో మంచి పేరు. మా జేజి, అంటే నాయనమ్మ, మాత్రం రోజూ ఏదో ఒకటి సణుగుతూనే ఉండేది. వడ్లు ఆరబోసినచోట కోళ్లు తిరిగితే సణుగుడు, కోడలు పెరుగులో నీళ్లు కలిపిందని సణుగుడు. ఇవన్నీ తలచుకున్నప్పుడు ఇదివరకు నాకు కళ్లు చెమర్చేవి. రెండు మూడు వ్యాసాల్లో కూడా ఎంతో ముద్దుగా రాసుకున్నాను.

డిగ్రీ చివరి ఏడాది ఇద్దరం ఎం.ఏ.కి దరఖాస్తులు తెప్పించుకున్నాం. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ అనవసరం. దేశం నలుమూలల నుంచీ పిల్లలు పోటీపడే చోటు. మా పక్క నుంచి ఎవరైనా అక్కడికి వెళ్లారంటే నంద్యాలలో ఆర్నెల్లు చెప్పుకునేవారు. బ్యాంకులో డ్రాఫ్టు తీసి, స్టాంపులంటించిన కవరు పెట్టి పంపితే దరఖాస్తు ఫారాలు వచ్చాయి. ఫొటోలు దిగాం, గెజిటెడ్ అధికారి సంతకాల కోసం ఒక పశువుల డాక్టరు ఇంటి ముందు రెండు పూటలు కాచుకున్నాం. కర్నూలులో ప్రవేశ పరీక్ష రాశాం. ఫలితాలొచ్చాయి. ఇద్దరికీ సీటొచ్చింది, విశాలకు నాకంటే పైన ర్యాంకు. ఆ శాఖలో కొత్తగా చేరేవాళ్లలో ఒక్కరికే పూర్తి స్కాలర్‌షిప్పు ఇస్తారు. ఫీజు, హాస్టలు, భోజనం అన్నీ అందులోనే. దానికి ఆదాయపత్రం జతచేసి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటి ఆదాయం ఒక హద్దు దాటకూడదు, ఆ హద్దు లోపలివాళ్లలో ర్యాంకు ముందున్నవాళ్లకు వస్తుంది. అది వస్తే విశాల వెళ్తుంది, రాకపోతే వెళ్లదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. నాకు అది రాకపోయినా నేను వెళ్తాను. ఇది కూడా ఇద్దరికీ తెలుసు.

మా ఆదాయపత్రం మా వరండాలోనే తయారైంది. ఊరి రెవెన్యూ వ్యవహారాలు చూసే అధికారిని ఊళ్లో అందరూ ఇంకా పాత అలవాటుకొద్దీ కరణమనే పిలిచేవారు. నాయన కబురు పెడితే ఆ ఆదివారం పొద్దున్నే వచ్చాడు. అమ్మ ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసింది. కరణం ఒక చేత్తో బజ్జీ కొరుకుతూ ఇంకో చేత్తో రాశాడు. "నీళ్లు లేని మెట్ట, వరసగా పంట పోయిందని రాస్తానప్పా. ఎంత ఏద్దాం?" అన్నాడు. "ఎంతేస్తే పిల్లకు పనవుతాదో అంతెయ్" అన్నాడు నాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. లోపలి నుంచి జేజి కేకేసింది, "ఏందిరా, మనం బీదోళ్లమని రాయిచ్చుకుంటాండావా? సిగ్గు ల్యా?" అని. "కాగితం మీదనే గదమ్మా. సర్కారు దుడ్లు ఎవరికో పోయేది మనకే వస్తే ఏం పోయె?" అన్నాడు నాయన. జేజికి బాధ కలిగించింది అబద్ధం కాదు, ఆ అబద్ధంలో మా హోదా తగ్గడం. అమ్మ ఇంకో నాలుగు బజ్జీలు తెచ్చి కరణం ఆకులో వేసింది. కాగితం మూల నూనె మరక పడింది. నేను గడప దగ్గర నిలబడి అంతా చూస్తున్నాను. అప్పుడు నాకు రోత పుట్టిందని రాస్తే బాగుంటుంది కానీ పుట్టలేదు. నూనె మరక పడిన కాగితాన్ని విశ్వవిద్యాలయంవాళ్లు ఒప్పుకోరేమోనని మాత్రం భయపడ్డాను.

వీరాచారిగారి ఆదాయపత్రం సంగతి వారం గడిచాక సోమవారం హాస్టల్లో విశాల చెప్పింది. నవ్వుతూ మొదలుపెట్టి ఏడుస్తూ ముగించింది. మండలాఫీసులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆర్.ఐ., మంచివాడేనట. "ఏడాదికి ఎంతొస్తాదప్పా?" అని అడిగితే వీరాచారిగారు ఆ ఏడు షెడ్డు నుంచి వెళ్లిన విగ్రహాల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి, కర్పూరం ముందు పలికిన వెలలన్నీ అప్పగించారట. ఆర్.ఐ. కలం ఆపి, "ఇదంతా నీకు మిగిలిందా? రాయికీ, లారీకీ, పనోళ్లకూ పోయింది తీసేసి చెప్పు" అన్నాడట.

"అవి రాయి ఖర్చులు సామీ. నేను చెప్పేది స్వామి వెల" అన్నారట ఈయన.

"అట్ల రాస్తే నీ బిడ్డకు స్కాలర్‌షిప్పు రాదప్పా. నేనే తగ్గించి రాస్తా, నువ్వు సంతకం పెట్టు చాలు."

"వేణుగోపాలస్వామిని ఇంత తక్కువకు చేసినానని సర్కారు కాగితంలో సంతకం పెడితే, ఆ ఊరోళ్లు రేపు కొబ్బరికాయ యాడ కొట్టాల సామీ?" అని, రాసింది రాసినట్టే తీసుకుని ఇంటికి వచ్చారట.

"మాకు ఏమీ మిగలదు అరుణా. మాయమ్మ గాజులు కూడా ల్యావు ఇంట్లో" అంది విశాల. "మీ నాయనకు ఆఫీసులో అందరూ తెలుసు గదా. ఒక్క మాట చెప్పిచ్చు. మా నాయన సంతకం అడక్కుండా, ఖర్చులు పోను ఎంతో అదే రాయమని చెప్తే చాలు. అబద్ధం గూడా కాదు గదా."

ఆ వారం ఇంటికి వెళ్లినప్పుడు నాయనతో చెప్పాను. చెప్పానన్నది నిజం. ఆయన నా ముఖంలోకి చూసి, "ఆ పిల్ల ర్యాంకు నీకంటే ముందుండాది గదా?" అన్నాడు. అవునన్నాను. "అయితే ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాను. సోమవారం నంద్యాలలో విశాల అడిగింది. "నాయన ఊర్లో లేడే, పత్తి అమ్మేదానికి ఆదోనికి పోయినాడు" అన్నాను. ఆ అబద్ధం ఎవరూ నేర్పింది కాదు. ఆదోని పేరు కూడా నా నోటికి ఎంత సులభంగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. స్కాలర్‌షిప్పు దరఖాస్తు గడువు ఆ శుక్రవారంతో ముగిసింది.

ఉత్తరాలు ఇద్దరికీ రెండు రోజుల తేడాతో వచ్చాయి. ఆదాయం పరిమితికి మించినందున స్కాలర్‌షిప్పు ఇవ్వలేకపోతున్నామని ఆమెకు, అభినందనలతో నాకు. ఆళ్లగడ్డ బస్టాండులో ఆమె తన ఉత్తరం నా చేతిలో పెట్టింది. నేను చదివి, "అయ్యో, ఎంత అన్యాయం" అన్నాను. నిజంగానే అన్నాను, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఇప్పుడు తలచుకుంటే రోత పుట్టేది ఆ నీళ్లకే. "మీ నాయన ఎంత రాయించినాడు?" అని అడిగింది విశాల. "నాకు తెలీదు" అన్నాను. ఆమె తన ఉత్తరం వెనక్కి తీసుకుంది. మా ఊరి బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాను.

ఆ రెండేళ్లూ నాయన నెలనెలా మనియార్డరు పంపుతూనే ఉన్నాడు. హాస్టలూ భోజనం స్కాలర్‌షిప్పులో వెళ్లిపోయేవి కనుక ఆ డబ్బంతా చీరలకూ సినిమాలకూ అయింది. విశాల అన్నం తినాల్సిన మెస్సులో కూర్చుని, కూర బాగాలేదని పళ్లెం పక్కకు తోసిన రోజులున్నాయి. ఆ చదువుతోనే లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, పుస్తకాలు రాశాను, శాలువాలు కప్పారు. నా ప్రతి పుస్తకం వెనక అట్ట మీదా ఒక వాక్యం ఉంటుంది, కరువు నేలలో పుట్టి స్కాలర్‌షిప్పుతో చదువుకున్న రచయిత్రి అని. అది రాసిచ్చింది నేనే. సభల్లో ఆ మాటకు చప్పట్లు కొట్టేవారు. నేను తల వంచుకుని నమస్కారం పెట్టేదాన్ని. కొన్నాళ్లకు ఆ కరువు నాకే నిజమనిపించసాగింది. మా మాగాణిలో నీళ్లు నిలిచి ఉన్న దృశ్యం గుర్తొస్తే, అది ఎవరి పొలమో అన్నట్టు ఉండేది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ స్కాలర్‌షిప్పు దరఖాస్తులు చూసే కమిటీల్లో నన్ను వేసేవారు. ఇప్పుడు అంతా ఫోన్లోనే, కరణాన్ని ఇంటికి పిలిచి బజ్జీలు పెట్టే పని లేదు. ఊరి సచివాలయంలో అర్జీ పెడితే పత్రం ఫోన్లోకే వస్తుంది, దాని మీద నూనె మరక ఉండదు. మారింది అంతే. కారులో దిగి, ఖరీదైన బూట్లతో లోపలికి వచ్చిన పిల్లవాడి తండ్రి కాగితం మీద కూలివాడు. రోజు కూలికి పోయే ఇంటిపిల్ల పత్రంలో ఏదో తేదీ తప్పు, ఆ అమ్మాయి దరఖాస్తు పక్కకు పోతుంది. దొంగ కాగితం నాకు చూడగానే తెలిసేది. అక్కడ కూర్చున్న ఎవరికన్నా నాకే బాగా తెలుసు. అయినా ఒక్కసారి కూడా నోరెత్తలేదు. ఎత్తితే ఎవరో నా కాగితం బయటికి తీస్తారని కాదు, అది ఏ గోడౌనులో చెదలు తినేసిందో. నోరెత్తే అర్హత నాకు లేదని నాకు తెలుసు, ఆ తెలివినే ఇన్నాళ్లూ వినయం కింద చెలామణి చేశాను. పాతకాలం మనుషులు మంచివాళ్లని ఎవరైనా అంటే నాకు వొళ్లు మండుతుంది. ఆ కాలం మంచితనం ఎలాంటిదో మా వరండాలో చూశాను.

కమిటీవాళ్లతో వెళ్లివచ్చిన వారానికి మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను, ఒక్కదాన్నే, బస్సులో. మధ్యాహ్నం పనివాళ్లు అన్నానికి పోయారు. మిషన్లు ఆగి ఉన్నాయి. విశాల రాతి మీద ఎర్రమట్టితో కొలతల గీతలు గీస్తోంది. నేను నిలబడే చెప్పాను. కరణం సంగతి, నాయన అన్న మాట, ఆదోని అబద్ధం, బస్టాండులో తెలీదనడం, అన్నీ. ఆమె గీయడం ఆపలేదు.

"తెలుసులే" అంది.

"ఎట్ల తెలుసు?"

"మా నాయన ఆఫీసులోనే చూసినాడు. సంతకానికి వచ్చిన మీ కాగితం ఆర్.ఐ.నే తీసి చూపిచ్చినాడంట. చూడప్పా, అంత భూమి ఉండే రైతే ఇంత రాయిచ్చుకున్నాడు, నీకేం నొప్పి అని. నాయన ఇంటికొచ్చి చెప్పినాడు. బస్టాండులో నిన్ను అడిగినానే, అప్పటికే తెలుసు నాకు. నువ్వేమంటావో చూద్దామని అడిగినా."

నేను అక్కడున్న బండ మీద కూర్చున్నాను. "మరి నన్ను తిట్టనైనా తిట్టలేదు కదే" అన్నాను.

"నీ మీద కోపం రాలే" అంది విశాల. గీత గీసి, కాస్త వెనక్కి జరిగి చూసుకుంది. "మీ నాయన బిడ్డ కోసం అబద్ధం రాయిచ్చె, మా నాయన నిజం గూడా రాయిచ్చకపాయ అనుకున్నా. కోపమంతా ఆయన మీదనే పెట్టుకున్నా. నాలుగేండ్లు మాట్లాడలే మా నాయనతో. ఇదే షెడ్డులో ఇద్దరం పనిచేస్తాండాం. ఉలి కావాలన్నా మాయమ్మను పిలిచి చెప్పిచ్చేదాన్ని. ఆయన ఒకటి రెండుసార్లు, 'పాపా' అని పిలిచినాడు. పలకలే. రాతిపొడి ఊపిరితిత్తుల్లో నిండిపాయ, కర్నూలు ఆసుపత్రిలో ఏసినాం. ఆడ పక్కన కూచుని మాట్లాడదామనుకునేసరికి ఆయనకు మాట పోయె."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పి ఏం చేస్తావు? నాకు తెలిసిందే గదా. సభల్లో స్కాలర్‌షిప్పు అని చెప్తాంటావంట, మా కోడలు ఫోన్లో చూపిచ్చె. విన్నోళ్లంతా చప్పట్లు కొడతాండారు. చెప్పేదుంటే వాళ్లకు చెప్పు."

అందుకని చెబుతున్నాను. వీరాచారిగారి కూతురికి రావలసిన స్కాలర్‌షిప్పుతో నేను చదువుకున్నాను. ఇన్నేళ్లూ మనసులో నాయనను ముందు నిలబెట్టి, ఆయన వెనక దాక్కున్నాను. నాయన చేసింది ఆదాయపత్రం రాయించడం వరకే. స్కాలర్‌షిప్పు దరఖాస్తు చివరి పేజీలో, పైన రాసినవన్నీ నాకు తెలిసి నిజమని ఒక వాక్యం ఉంటుంది, దాని కింద దరఖాస్తుదారు ఒక్కరే సంతకం చేయాలి. నంద్యాల హాస్టల్లో, విశాల పక్కన కూర్చుని, ఆమె కలమే అడిగి తీసుకుని, ఆ సంతకం నేను చేశాను.